శ్రీరంగపట్నం కొల్లసొమ్ము జాడలో: కావేరి నుంచి వేల్స్ దాకా

సోమవారం, శ్రీరంగపట్నం

కావేరి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే ఈ ద్వీపానికి ఎక్కువమంది రంగనాథస్వామి దర్శనానికి వస్తారు. నేను వచ్చింది 1799 మే 4న ఇక్కడ మొదలైన ఒక కొల్ల జాడ తీయడానికి. టిప్పు సుల్తాన్ భవనంలో ఉండిన సింహాసనం, గ్రంథాలయం, గుడారాలు, యంత్రపు పులిబొమ్మ ఎవరెవరి చేతుల మీదుగా దేశం దాటాయో, ఇప్పుడు ఎక్కడున్నాయో అవి పోయిన దారిలోనే వెళ్ళి చూడాలని ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

కోట పడమటి గోడ వెంబడి ఉత్తరపు మూల వైపు నడిస్తే ఒక రాతి స్మారక స్తంభం కనబడుతుంది. బ్రిటిష్ ఫిరంగులు గోడకు గండి కొట్టింది ఆ దాపునే. అప్పుడు వేసవి కావడంతో నది దాటడానికి వీలుగా ఉండింది. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో సైన్యం ఆ గండిలోంచి లోపలికి చొచ్చుకువచ్చింది. దాడిని నడిపిన డేవిడ్ బెయిర్డ్ 1780లో పొల్లిలూరు యుద్ధంలో హైదర్ అలీ సైన్యానికి పట్టుబడి, ఇదే ఊళ్ళో మూడున్నరేళ్ళకు పైగా సంకెళ్ళలో గడిపినవాడు. సాయంత్రానికి పట్టణం వాళ్ళ వశమైంది. ఆ రాత్రి దివిటీల వెలుగులో శవాల గుట్టలు తొలగించి టిప్పు దేహాన్ని గుర్తించేసరికి, ఒంటి మీది నగలు, ఆయుధాలు అప్పటికే ఎవరో తీసుకుపోయారు. ఆ చోట ఇప్పుడు ఒక చిన్న శిలాఫలకం ఉంది.

తెల్లవారేదాకా పట్టణమంతా దోపిడీ సాగింది. కొల్లపోని ఇల్లంటూ దాదాపు మిగల్లేదని, తెచ్చిన నగలను, బంగారాన్ని సైనికులు బజారులో అమ్ముకున్నారని మరునాడు పట్టణాధికారిగా బాధ్యత తీసుకున్న ఆర్థర్ వెల్లెస్లీ స్వయంగా రాశాడు. ఆయన నలుగురిని ఉరి తీయించి, ఇంకా కొందరిని కొరడాలతో కొట్టించి ఆ దోపిడీని ఆపాడు. చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఇక్కడికి ఆగిపోయి, శాంతి నెలకొన్నదని చెబుతాయి. అసలు కొల్ల ఆ తర్వాతే మొదలైందని, అది కత్తితో కాక కలంతో జరిగిందని నాకు అనిపిస్తుంది. ముట్టడించి గెలుచుకున్న పట్టణంలో ఓడిన రాజు సొత్తంతా గెలిచిన సైన్యానికి చెందుతుందన్నది ఆనాటి వాళ్ళ యుద్ధ ఆచారం. అందుకోసం అధికారులతో ఒక ప్రైజ్ కమిటీ ఏర్పడింది. ఆ కమిటీ ఏజెంట్లు భవనంలోని ప్రతి వస్తువుకూ వెల కట్టి, వేలం వేసి, వచ్చిన సొమ్మును హోదా ప్రకారం పంచారు. సేనాధిపతి జార్జ్ హారిస్ మొత్తంలో ఎనిమిదో వంతు, అంటే 1,40,000 పౌండ్లకు పైగా తీసుకోగా, మామూలు తెల్ల సైనికుడికి ఏడెనిమిది పౌండ్లకు మించలేదు. దేశీ సిపాయికి దక్కింది అంతకంటే తక్కువ. హారిస్ తన హక్కుకు మించి తీసుకున్నాడని ఈస్ట్ ఇండియా కంపెనీయే ఆయన మీద వ్యాజ్యం నడిపింది. సొమ్మును పంచాలంటే ముందు దాన్ని పంచడానికి వీలైన ముక్కలుగా చేయాలి. కళాఖండానికి అదే మరణం.

ఈ కథలో తెలుగువాళ్ళం పక్కన నిలబడి చూసినవాళ్ళం కాము. ముట్టడిలో హైదరాబాదు నిజాం సైన్యం మీర్ ఆలం నాయకత్వంలో కంపెనీ వైపున పోరాడింది. ఆ సైన్యంతో ఇంజనీరుగా ఉన్నవాడు కాలిన్ మెకంజీ. తర్వాతి కాలంలో కావలి బొర్రయ్య సోదరుల సాయంతో మన ఊళ్ళ చరిత్రలు చెప్పే కైఫియతులు రాయించినది ఆయనే. టిప్పు పతనం తర్వాత నిజాం వాటాకు వచ్చిన గుత్తి, గుర్రంకొండ ప్రాంతాలు, అంతకు ముందే 1792లో చేజిక్కిన కడప ప్రాంతంతో కలిసి 1800లో కంపెనీ చేతికి వెళ్ళి దత్తమండలాలయ్యాయి. నాది కడప జిల్లా. మా ఊరి భూమి శిస్తు ఎవరికి కట్టాలో తేల్చిన వరుస సంఘటనల్లో ఈ గండి కూడా ఒకటి.

మంగళవారం, దరియా దౌలత్ బాగ్

ఉదయాన్నే టిప్పు వేసవి విడిదికి వెళ్ళాను. 1784లో కట్టిన ఈ చెక్క మహలు పడమటి గోడ నిండా పొల్లిలూరు యుద్ధచిత్రం ఉంది. చతురస్రంగా నిలిచిన బ్రిటిష్ దళం మధ్యలో పల్లకీలో కూర్చున్న కర్నల్ బెయిలీ, పేలిపోతున్న మందుగుండు బండి, ఏనుగుల మీదా గుర్రాల మీదా నిబ్బరంగా వచ్చే మైసూరు సైన్యం అన్నీ ఒకే గోడ మీద కిక్కిరిసి ఉన్నాయి. గెలిచిన ఆర్థర్ వెల్లెస్లీ ఈ మహల్లోనే నివసించి, తన జాతి ఓటమిని చూపే ఈ చిత్రాన్ని బాగు చేయించాడు. ఆ తర్వాత డల్హౌసీ కాలంలో మళ్ళీ రంగులు వేయించారు. అందుచేత మనం చూస్తున్న రంగులన్నీ టిప్పు నాటివి కావు. అయినా చిత్రం ఉన్నచోటే ఉంది. గోడను బండి మీద వేసుకుపోలేరు.

మధ్యాహ్నం టిప్పు సమాధి ఉన్న గుంబజ్ వరండాలో కూర్చుని రాసుకుంటుండగా ఒక విషయం మనసులో మెదిలింది. యుద్ధకాలపు కొల్ల ఒక్క తెల్లవాళ్ళ పాపం కాదు. 1791లో మరాఠా సైన్యంతో వచ్చిన గుర్రపుదండు శృంగేరి మఠాన్ని దోచి, శారదాదేవి విగ్రహాన్ని పెకలించింది. మఠం స్వామివారి మొర విని, మళ్ళీ ప్రతిష్ఠ జరిపించడానికి ధనమూ సామగ్రీ పంపే ఏర్పాటు చేసింది టిప్పు సుల్తానే. ఆయన రాసిన కన్నడ లేఖలు 1916లో మఠంలో వెలుగు చూశాయి. అదే టిప్పు సైన్యాలు మలబారులోనూ కొడగులోనూ సాగించిన విధ్వంసాన్ని అక్కడి కుటుంబాలు ఇంకా చెప్పుకుంటాయి. ఈ రెండు సంగతుల్లో ఒకదాన్ని మరుగుపరచి మరొకదాన్ని చెప్పేవాళ్ళతో నాకు ఏకీభావం లేదు. కొల్లబోయిన వస్తువు గురించి మాట్లాడటానికి దాని యజమాని పుణ్యాత్ముడై ఉండనక్కర్లేదు.

బుధవారం

బెంగళూరు నుంచి లండన్ ప్రయాణంలో రోజంతా గడిచిపోయింది. ఇదే దూరాన్ని ఆ కొల్లసొమ్ము పెట్టెలు ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి నెలల తరబడి ఓడల్లో దాటాయి.

గురువారం, లండన్

సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల పెట్టె చుట్టూ బడిపిల్లలు మూగి ఉన్నారు. లోపల, వెల్లకిలా పడిన ఒక తెల్లదొర మీద కూర్చుని మెడ కరుస్తున్న చెక్కపులి. పొడవు ఆరడుగులకు కొద్దిగా తక్కువ. పక్కనున్న పిడి తిప్పితే దొర చెయ్యి లేచి పడుతుంది, అతని గొంతులోంచి మూలుగూ పులి గొంతులోంచి గుర్రూ వినిపిస్తాయి. పులి డొక్కలో మీటలున్న చిన్న ఆర్గన్ ఉంది. 1792 చివర బెంగాలు తీరంలోని సాగర్ ద్వీపంలో సేనాని హెక్టర్ మన్రో కొడుకును పులి చంపింది. ఆ వార్తే ఈ బొమ్మకు ప్రేరణ అని పలువురి నమ్మకం. పులి టిప్పు రాజచిహ్నం కాబట్టి ఆ వార్త లేకపోయినా ఈ బొమ్మ భావం చూసేవారికి తెలిసేదే.

భవనంలోని సంగీతశాలలో దొరికిన ఈ బొమ్మను 1808 నుంచి లీడెన్‌హాల్ వీధిలో కంపెనీ ప్రధాన కార్యాలయంలో జనం చూడటానికి పెట్టారు. వచ్చిన ప్రతివారూ పిడి తిప్పి గర్జన వినేవారు. పక్కన గ్రంథాలయంలో చదువుకునే పండితులు ఆ గోల భరించలేక ఫిర్యాదు చేశారు. 1880లో అది ఈ మ్యూజియానికి చేరింది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుదాడికి పైకప్పు కూలి మీద పడటంతో వందల ముక్కలైంది. యుద్ధం ముగిశాక, 1947 నాటికి, ఆ ముక్కలన్నీ ఏరి తిరిగి అతికించారు. ఒక యుద్ధం దాన్ని ఇల్లు కదిలించింది, ఇంకొక యుద్ధం దాదాపు నాశనం చేసింది. మరమ్మతు చేసిన చేతుల శ్రద్ధకు మాత్రం నేను మనసారా నమస్కరిస్తాను.

ఈ పులి అంతటి దోపిడీలోనూ చెక్కుచెదరకుండా లండన్ ఎలా చేరిందని ఆలోచిస్తే జవాబు దాని ఒంట్లోనే ఉంది. అది చెక్క. కరిగిస్తే కాసు రాదు, పంచుకుంటే పుల్లలు మిగులుతాయి. బంగారంతో చేసి ఉంటే ఈ పిల్లలు ఇవాళ చూడటానికి ఏమీ ఉండేది కాదు. దాన్ని తిరిగి ఇవ్వాలని భారతీయులు కోరినప్పుడల్లా అడ్డు వచ్చేది 1983 నాటి జాతీయ వారసత్వ చట్టం. కొన్ని పరిమిత సందర్భాల్లో తప్ప ఇక్కడి ట్రస్టీలు సేకరణలోని వస్తువును వదులుకోవడానికి ఆ చట్టం ఒప్పుకోదు. చట్టం చేసింది పార్లమెంటు కాబట్టి మార్చగలిగేదీ పార్లమెంటే.

శుక్రవారం, లండన్

ఉదయం లీడెన్‌హాల్ వీధికి వెళ్ళాను. కంపెనీ భవనాన్ని 1861లో పడగొట్టారు. ఆ స్థలంలో ఇప్పుడు లాయిడ్స్ బీమా సంస్థ ఉక్కు కట్టడం ఉంది. ఆగి చూడవలసింది ఏమీ లేక బ్రిటిష్ లైబ్రరీకి నడిచాను. ఈ ప్రయాణంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది ఈ రోజే.

టిప్పు గ్రంథాలయంలో సుమారు 2000 సంపుటాలుండేవి. ఖురాన్ వ్యాఖ్యానాలు, పారశీక కావ్యాలు, వైద్యం, ఖగోళం, చరిత్ర, సూఫీ గ్రంథాలు, దక్కనీ ఉర్దూ రచనలు అందులో ఉన్నాయి. ప్రైజ్ కమిటీ వీటిని వేలానికి పెట్టకుండా కంపెనీకి అప్పగించింది. ఎక్కువ భాగం కలకత్తాలోని ఫోర్ట్ విలియం కాలేజీకి వెళ్ళింది. కొన్ని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలకు కానుకలయ్యాయి. కంపెనీ సొంత గ్రంథాలయానికి చేరిన భాగం ఇప్పుడు ఈ భవనంలో ఉంది. టిప్పు తన కలలను స్వదస్తూరీతో రాసుకున్న చిన్న పుస్తకం కూడా వీటిలోదే. అతి రహస్యంగా దాచుకున్న ఆ పుస్తకంలో 37 కలలున్నాయి. 1800లో కంపెనీ సైన్యాధికారి అలెగ్జాండర్ బీట్సన్ దాన్ని కంపెనీ డైరెక్టర్లకు సమర్పించాడు. ఒక మనిషి నిద్రలో చూసినవి కూడా యుద్ధంలో గెలిచినవాడి సొత్తు అయ్యాయి. శత్రువుల మీద విజయాలు, తెల్ల ఏనుగులు, సాధుసంతులు, పళ్ళూ ఫలాలూ నిండిన ఆ కలలను చదవడం నాకు తగని పని అనిపించి, అనువాదంలో కొన్ని పుటలు తిప్పి మూసేశాను.

ఆ తర్వాత ఛార్లెస్ స్టువర్ట్ తయారు చేసిన ఆ గ్రంథాలయపు పట్టికను తెప్పించుకున్నాను. 1809లో కేంబ్రిడ్జిలో అచ్చయిన ఈ పట్టిక ముందుమాటలో ఆయన ఒక సంగతి చెబుతాడు. ఈ పుస్తకాల్లో టిప్పు గానీ ఆయన తండ్రి గానీ కొన్నవి చాలా తక్కువ. కొన్ని పూర్వం బీజాపూర్, గోల్కొండ సుల్తానులవి. పెద్ద భాగం చిత్తూరు, సావనూరు, కడప కొల్లల్లో తెచ్చినవి.

కడప పేరు చూశాక చాలాసేపు పుట తిప్పలేకపోయాను. హైదర్ అలీ కడప నవాబును ఓడించి బందీగా శ్రీరంగపట్నానికి తీసుకుపోయాడని చిన్నప్పటి నుంచి తెలుసు. నవాబుతో పాటు ఆయన పుస్తకాలు కూడా పోయాయని, సుమారు ఇరవై ఏళ్ళకే అవి రెండోసారి కొల్లబోయి సముద్రం దాటాయని ఈ బల్ల దగ్గర కూర్చునేదాకా తెలియలేదు. కడప పాతవీధుల్లో నవాబుల సమాధులు చూసిన నాకు వాళ్ళకొక గ్రంథాలయం ఉండి ఉంటుందన్న ఊహ కూడా ఎప్పుడూ రాలేదు. పోయిన వస్తువు వెనక్కి రాకపోవడం ఒక నష్టం. అది మనకుండేదన్న జ్ఞాపకమే పోవడం అంతకంటే పెద్ద నష్టం. గోల్కొండ సుల్తానుల పుస్తకాలు కూడా ఏ యుద్ధం నుంచి ఏ యుద్ధానికి చేతులు మారి టిప్పు బీరువాలకు చేరాయో తలుచుకుంటే, తిరిగి ఇవ్వవలసి వస్తే ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న కూడా తప్పదు. మైసూరుకా, కడపకా, హైదరాబాదుకా? నాకు తోచిన జవాబు ఒక్కటే: ఈ పుస్తకాల పుటలన్నీ ఛాయాచిత్రాలుగా మూడు చోట్లా అందుబాటులోకి రావాలి, ప్రతి పుస్తకం ఏ ఊరి నుంచి ఏ యుద్ధంలో కదిలిందో తెలిసినంత మేరకు రాయాలి. మూలప్రతుల వాదన ఆగకుండా సాగుతూనే ఈ పని చేయవచ్చు.

తీరిక చూసుకుని బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలను కూడా చూసివచ్చాను. అవి యుద్ధంలో దోచినవి కావు, పరిపాలన పేరుతో తరలినవి. వాటి కథ వేరు కాబట్టి ఇక్కడ కలపను.

శనివారం, విండ్సర్

విండ్సర్ కోటలో లోపలి మెట్లెక్కి పైకి రాగానే గ్రాండ్ వెస్టిబ్యూల్ అనే విశాలమైన హాలు వస్తుంది. బ్రిటన్ సామ్రాజ్యపు యుద్ధాల జ్ఞాపికలు అక్కడ గాజు బీరువాల్లో ఉన్నాయి. వాటి మధ్య టిప్పు సింహాసనపు పులితల కనబడింది. చెక్క మీద బంగారు రేకు తొడిగి, స్ఫటికంతో కళ్ళూ పళ్ళూ పొదిగిన తల అది. నోరు తెరిచి, నాలుక చాచి, ఎదుటివాడి కళ్ళల్లోకి చూస్తున్నట్టు ఉంటుంది.

ఆ సింహాసనం ఎనిమిది కోణాల వేదిక. మీద బంగారు రేకులు, చుట్టూ పిట్టగోడ కమ్ముల మీద ఎనిమిది చిన్న పులితలలు, పైన గొడుగు, గొడుగు శిఖరాన రత్నాలు పొదిగిన హుమా పక్షి. హుమా నీడ ఎవరి మీద పడితే వారు రాజవుతారని పారశీక నమ్మకం. ఇంగ్లీషువాళ్ళను పూర్తిగా ఓడించేదాకా దీని మీద కూర్చోనని టిప్పు ప్రతిన పట్టాడంటారు. ప్రైజ్ ఏజెంట్లు దీన్ని వెల కట్టి, పగలగొట్టి, ముక్కలుగా అమ్మేశారు. దీన్ని యథాతథంగా ఇంగ్లండుకు పంపాలన్నది తన కోరిక అని, తనకు తెలిసేలోపే ఏజెంట్ల తొందరపాటు దాన్ని ముక్కలు చేసిందని గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లెస్లీ నొచ్చుకుంటూ రాశాడు. ఆయన బాధ నిజమైనదే అయి ఉంటుంది, కానీ విరగగొట్టినవాళ్ళు నియమం తప్పలేదు. నియమం ప్రకారమే విరగగొట్టారు. అందరికీ వాటా దక్కాలంటే బంగారం తూకానికి రావాలి. ఉమ్మడి ఆస్తి పంపకాల్లో నూరేళ్ళ నాటి చెక్క ఊయల బల్లను రంపంతో కోసి తలా ఒక చెక్క పట్టుకుపోయినట్టే ఇదీ జరిగింది.

హుమా పక్షి మూడో జార్జి రాజుకు కానుకగా చేరింది. పులితల 1831లో కంపెనీ ద్వారా నాలుగో విలియంకు వచ్చింది. ఒకే ఆసనపు ఈ రెండు భాగాలు మధ్యలో మూడు దశాబ్దాల ఎడంతో ఒకే రాజకుటుంబం గడప తొక్కాయి. మిగతా బంగారు రేకులు కరిగి ఎవరెవరి వాటాల్లోకి పోయాయో ఇక చూడగలిగేది కాదు.

ఆదివారం, పోవిస్ కోట

వేల్స్ సరిహద్దులోని వెల్ష్‌పూల్ స్టేషనులో దిగి, జింకలు తిరిగే పచ్చికబయలు మీదుగా నడిస్తే ఎర్రరాతి పోవిస్ కోట వస్తుంది. ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ ఈ వంశపు ఆడపడుచు హెన్రియెట్టాను పెళ్ళాడటంతో క్లైవ్ కుటుంబపు భారతీయ సేకరణ ఇక్కడికి చేరింది. 1952 నుంచి కోట నేషనల్ ట్రస్టు ఆధీనంలో ఉంది. 1799 యుద్ధం జరిగినప్పుడు ఎడ్వర్డ్ మద్రాసు గవర్నరు. మరుసటి ఏడాది హెన్రియెట్టా ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని మద్రాసు నుంచి మైసూరు సీమకు యాత్ర చేసి, ఓడిన రాజ్యాన్ని కళ్ళారా చూసింది.

ఇక్కడి ప్రదర్శనశాలలో టిప్పు గుడారం ఉంది. తెల్లని నూలు గుడ్డ మీద కుండీల్లోంచి లేచిన పూలకొమ్మలు వరుసలు తీరి ఉన్నాయి; మచిలీపట్నం అద్దకం ఎరిగిన కంటికి ఆ ఎరుపు, ఆ ఆకుల వంపు పరాయివిగా తోచవు. యుద్ధభూమికి రాజుతో పాటు కదిలే ఈ బట్టల భవనాన్ని క్లైవ్ వంశీయులు తమ తోట విందులకు వేసుకునేవారు. గుడ్డ కాబట్టి కరిగించలేదు, పెద్దది కాబట్టి కొయ్యలేదు. పేరు తెలియని అద్దకపు పనివాళ్ళ పనితనం ఇంత నిండుగా మిగిలిందంటే ఆ రెండు కారణాలే.

దాని దగ్గర్లోనే సింహాసనపు ఎనిమిది చిన్న పులితలల్లో ఒకటి ఉంది. కెంపులు, పచ్చలు, వజ్రాలు పొదిగిన అది పిడికిట్లో పట్టేంత వస్తువు. రిచర్డ్ వెల్లెస్లీ దీన్ని హెన్రియెట్టాకు బహూకరించాడు. ఆమె పిల్లల వెంట వచ్చిన ఇటలీ చిత్రకారిణి అన్నా తొనెల్లి 1800లో టిప్పును ఆ సింహాసనం మీద కూర్చోబెట్టి నీటిరంగుల్లో ఒక చిత్రం వేసింది. అప్పటికి టిప్పు చనిపోయి ఏడాది, సింహాసనం విరిగి ఏడాది. తానెప్పుడూ కూర్చోలేదని చెప్పే ఆసనం మీద ఆ రాజు కూర్చున్నది, చూడని చిత్రకారిణి కాగితం మీదనే.

మిగిలిన చిన్న తలల్లో కొన్ని ఇన్నాళ్ళకు బయటపడుతున్నాయి. ఒకటి 2009లో, ఇంకొకటి 2010లో లండన్ వేలంలో అమ్ముడుపోయాయి. రెండోది 4,34,000 పౌండ్లకు పైగా పలికింది. ఇలాంటి ఒక తలను విదేశానికి అమ్మబోగా 2021లో బ్రిటిష్ ప్రభుత్వం ఎగుమతి అనుమతిని తాత్కాలికంగా ఆపి, 15 లక్షల పౌండ్లకు దేశంలోనే కొనేవారు దొరుకుతారేమోనని గడువు ఇచ్చింది. తమ దేశచరిత్రకు ముఖ్యమైన వస్తువు బయటికి పోకూడదన్నది అందుకు చెప్పిన కారణం. ఆ కారణం నాకు పూర్తిగా అర్థమవుతుంది. శ్రీరంగపట్నానికీ అదే కారణం వర్తిస్తుంది, పైగా అది రెండు వందల ఏళ్ళు ముందుది.

కోట నుంచి తిరిగి వస్తూ, స్టేషను బల్ల మీద కూర్చుని కర్ణాటక పురావస్తు శాఖకు ఒక ఉత్తరం చిత్తుప్రతి రాశాను. విండ్సర్ తల, హుమా, పోవిస్ తల, వేలాల్లో తేలిన తలల ఛాయాచిత్రాలు సమకూర్చి, విరిగిన సింహాసనం కొలతలతో ఒక నమూనాను దరియా దౌలత్‌లో నిలబెట్టమని, ప్రతి ముక్క పక్కన అది ఇప్పుడున్న ఊరి పేరు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాయమని అందులో కోరాను. కడప కలెక్టరుకు పంపవలసిన రెండో ఉత్తరంలో స్టువర్ట్ పట్టికలో కనబడిన సంగతి ఉంది. అది ఇంటికి వెళ్ళాక, నవాబుల కాలపు రికార్డులు చూసి రాయాలి.